పద్నాలుగు వేల నలభై యూనిట్లు

జూన్ మూడో తారీఖు సోమవారం, పొద్దున పదిన్నరకు ఒక ఆఫీసరమ్మ నన్ను వెతుక్కుంటూ మా బిడ్డ క్వార్టరుకు వచ్చింది. బొగ్గు కంపెనీ పర్యావరణం సెక్షనులో పని చేస్తుందట. ముప్పై ఏళ్లు దాటి ఉండవు. కుర్చీ వేస్తే కూర్చోకుండానే అడిగింది.

"మేడం, మీ దగ్గర పాత మీటరు రీడింగులు ఉన్నాయని చెప్పారు. నిజమేనా?"

నిజమే. నా భర్త బాయిలో, అంటే బొగ్గు గనిలో, చనిపోయాక ఆయన బదులు నాకు ఉద్యోగం ఇచ్చారు. ఎలక్ట్రికల్ సెక్షనులో ఇరవై తొమ్మిదేళ్లు గుమాస్తాగా చేశాను. గనుల్లో, ఆఫీసుల్లో, వర్క్‌షాపుల్లో ఉన్న కరెంటు మీటర్ల రీడింగులన్నీ నెలాఖరుకు నా బల్ల మీదికి వచ్చేవి. రిజిస్టరులో ఎక్కించాక ఒక కాపీ నా నోటుబుక్కులో కూడా రాసుకునేదాన్ని. ఎవరూ రాయమనలేదు. రిజిస్టర్లు పెట్టిన గదిలో గోడకు చెమ్మ ఉండేది, అందుకని రాసుకున్నాను. ఏడాదికి ఒకటి చొప్పున ఇరవై తొమ్మిది నోటుబుక్కులు. ఆఫీసులో రిజిస్టర్లను చెదలు తినేశాయని ఆ రోజే తెలిసింది.

ఆమెకు కావలసింది ఇది. కంపెనీ ఏ చోట ఎంత కరెంటు వాడుతుందో, ఎంత డీజిల్ కాలుస్తుందో లెక్క తీయాలి. దాన్నిబట్టి గాలిలోకి ఎంత కార్బన్ పోతుందో లెక్క కట్టాలి. ఒక పాత సంవత్సరంతో పోల్చి, పెరిగిందో తగ్గిందో చూపాలి. ఆ పాత సంవత్సరం అంకెలు ఇప్పుడు నా పెట్టెలో తప్ప ఎక్కడా లేవు. మూడు నెలలు వచ్చి కూర్చోమని అడిగింది. సరేనన్నాను.

మా బిడ్డ కంపెనీ దవాఖానలో నర్సు. సాయంత్రం ఇంటికి వచ్చి విన్నది.

"డెబ్బై రెండేండ్లకు మళ్ల డ్యూటీ ఎక్కుతవా? నీకు బీపీ గోలీలు యాదికి చేసేటోళ్లు ఎవరు?"

"గోలీ ఏ టైముకు వేసుకున్ననో రాసుకుంట గద."

"అవు, రాసుకుంటవు. వేసుకునుడు మర్చిపోతవు."

పద్ధతి సులువైనదే. ఒక్కో చోట నెలకు ఎన్ని యూనిట్లు, ఎన్ని లీటర్లు అన్నది ముందు రాయాలి. కరెంటుకు ఒక గుణకం, డీజిలుకు ఒక గుణకం ఇస్తారు. హెచ్చవేస్తే కిలోలు వస్తాయి. మాకిచ్చిన జాబితాలో ఇరవై మూడు చోట్లు ఉన్నాయి. సబ్‌స్టేషన్లు, వర్క్‌షాపు, స్టోర్సు, గెస్ట్ హౌస్, నాలుగు పంపుహౌసులు, ఇట్లాంటివి. పాత సంవత్సరం కంటే బాగా పెరిగిన వరుసను కంప్యూటరు ఎర్రగా చూపిస్తుంది. ఎందుకు పెరిగిందో పక్కన రిమార్కుల గడిలో మేం రాయాలి.

మొదటి వారంలోనే ఒక మాట అడిగాను.

"మనం తవ్వి పంపే బొగ్గు సంగతి ఏందమ్మా? అది కాలితే వచ్చేది ఏ వరుసల రాస్తరు?"

"అది కాల్చినవాళ్ల లెక్కలోకి పోతుంది మేడం. ఈ పట్టికలో మనం వాడినదే."

కిటికీలోంచి చూస్తే అవతల పవర్ స్టేషన్ పొగగొట్టాలు కనిపిస్తాయి. ఎవరి వరుసలో వాళ్లు రాసుకోవడమే పద్ధతి అయితే, నా వరుసలు సరిగ్గా ఉంటే చాలుననుకున్నాను.

ఎర్రగా వచ్చినవి మూడు వరుసలు. రెండింటికి కారణం తెలిసిపోయింది, కొత్త యంత్రాలు వచ్చాయి. మూడోది ఒక పంపుహౌసు. దాని పక్కన గని మూసేసి చాలా ఏళ్లయింది. లోపల నిండిన నీళ్లను పైకి తోడి కాలనీ ట్యాంకుకు పంపుతారు. పంపు గంటకు ముప్పై యూనిట్లు తీసుకుంటుంది. ఆపరేటరు మొదటి షిఫ్టులో ఎనిమిది గంటలు నడుపుతాడు. రోజుకు రెండు వందల నలభై, ఏప్రిల్ ముప్పై రోజులకు ఏడు వేల రెండు వందలు. మీటరులో తిరిగినవి ఇరవై ఒక్క వేల రెండు వందల నలభై. తేడా పద్నాలుగు వేల నలభై యూనిట్లు.

జూన్ పదకొండు మంగళవారం షేర్ ఆటో ఎక్కి ఆ పంపుహౌసుకు పోయాను. పంపు నడుస్తున్నది. ఆపరేటరు బయట నీడలో నిలబడి ఫోనులో మాట్లాడుతున్నాడు. పైపులోంచి పడే నీళ్లు బొటనవేలంత సన్నగా ఉన్నాయి. నన్ను చూసి ఫోను పెట్టేశాడు. నలభై అయిదేళ్ల మనిషి, కాంట్రాక్టు కింద పని చేస్తున్నాడు.

"నీళ్లు గింతే వస్తున్నయేంది?" అన్నాను.

"ట్యాంకు కడుగుతున్నరు అవ్వా. వాచ్‌మన్ ఇప్పుడే ఫోన్ చేసిండు, జర తగ్గించుమని. వాల్వు తిప్పిన."

"ఎన్ని గంటలు నడుపుతవు?"

"ఎనిమిది. బుక్కుల ఉన్నది చూడు. టైఫాయిడ్ వచ్చినప్పుడు తప్ప నేనొక్క మస్టరు ఎగ్గొట్టలే. ఆదివారం వేరే ఆయన వస్తడు, గదొక్కటే నాకు రెస్టు. జనవరిల కాంట్రాక్టు మారుతది గదా, రెండు వందల నలభై నిండాలె."

మస్టరు అంటే హాజరు. కాంట్రాక్టు మారినప్పుడు కొత్త కాంట్రాక్టరు, ఏడాదిలో రెండు వందల నలభై మస్టర్లు నిండిన పాతవాళ్లనే తీసుకుంటాడని మా దగ్గర అంటారు. అది ఎక్కడైనా రాసి ఉన్న రూలో కాదో నాకు తెలియదు. జనం దాన్నే నమ్ముకుని జ్వరంతో కూడా డ్యూటీకి పోతారు.

అతని మాటను నేను నమ్మలేదు. పంపు నడుస్తుండగా అతను బయట ఉండడం చూశాను, నీళ్లు సన్నగా పడడం చూశాను. ఆఫీసుకు వచ్చి లెక్క వేశాను. పంపు ఇరవై నాలుగు గంటలూ నడిస్తే నెలకు ఇరవై ఒక్క వేల ఆరు వందల యూనిట్లు కావాలి. మీటరు దానికంటే మూడు వందల అరవై తక్కువ చూపింది. అంటే నెలలో పంపు ఆగింది పన్నెండు గంటలు. కరెంటు పోయిన గంటల కింద అది సరిపోతుంది. లెక్క అంత చక్కగా కుదిరేసరికి నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషం సంగతి దాచకుండా రాస్తున్నాను, తప్పు అక్కడే జరిగింది కాబట్టి.

రిమార్కుల గడిలో ఇట్లా రాశాను: "పంపు పగలూ రాత్రీ నడుస్తున్నది. లాగ్‌బుక్కులో ఎనిమిది గంటలే చూపుతున్నారు. ఆపరేటరు నిర్లక్ష్యం."

ఆఫీసరమ్మ చదివి, "మీరు స్వయంగా చూశారు కదా మేడం?" అని అడిగింది. చూశానన్నాను. జులై ఒకటిన పట్టిక కొత్తగూడెం హెడ్డాఫీసుకు వెళ్లింది. అక్కడ నుంచి ఒక కాగితం గని ఆఫీసుకు, గని ఆఫీసు నుంచి కాంట్రాక్టరుకు వచ్చింది. తొమ్మిదో తారీఖు మంగళవారం పొద్దున ఆపరేటరు డ్యూటీకి పోతే, మస్టరు బుక్కులో సంతకం పెట్టనివ్వలేదు.

ఇది నాకు పన్నెండో తారీఖు శుక్రవారం తెలిసింది. అతని భార్య మా ఇంటికి వచ్చింది. నేను బియ్యం కడుగుతున్నాను. ఆమె గడప బయటే నిలబడింది.

"లెక్కలు రాసే అవ్వ నువ్వేనా?"

"నేనే. లోపలికి రా బిడ్డా."

"వద్దుతీ. నువ్వు రాసింది సూపర్‌వైజరు చదివి చెప్పిండు. మా ఆయన రాత్రిపూట గూడ పంపు నడిపిండంట."

"మీటరు అట్లనే చూపింది."

"మీటరు చూపింది. మా ఆయన రాత్రి ఇంట్ల పండుకున్నడు, గురక పెడుతడు, నాకు నిద్ర ఉండది. నా సాక్ష్యం పనికిరాదా?"

పక్క క్వార్టరు ఆవిడ బయటికి వచ్చి మమ్మల్ని చూస్తున్నది. అతను పంపు ఆన్ చేసి ఇంటికి పోతుండవచ్చు కదా అన్నట్టు నేను ఏదో గొణిగాను. ఆమె గొంతు పెంచలేదు.

"సరే అవ్వా. పగలు రాత్రి నడిచింది అనుకుందాం. మరి గన్ని నీళ్లు ఎటువోయినయ్? మా గల్లీకి రెండు రోజులకొకసారి నల్లా వస్తది. నీ ఇంటికి రోజూ వస్తున్నదా? గోదారిల కలిపిండా మా ఆయన?"

ఆమె వెళ్లిపోయింది. బియ్యం నానుతూ ఉండిపోయాయి. ఆ ప్రశ్న నేను వేసుకోవలసినది. పంపు లెక్కలో కరెంటు ఒక వైపు, నీళ్లు ఒక వైపు ఉంటాయి. నేను ఒక వైపే చూశాను.

మరునాడు ట్యాంకు దగ్గరికి పోయాను. వాచ్‌మన్ దగ్గర నీటి మట్టం రాసే పుస్తకం ఉంది. ఏప్రిల్ అంతా చూశాను. రోజూ ఎనిమిది గంటల నీళ్లే వచ్చాయి. ఇరవై నాలుగు గంటలు తోడి ఉంటే ఆ ట్యాంకు రోజుకు రెండుసార్లు పొర్లిపోయేది. జూన్ పదకొండున ట్యాంకు కడిగినట్టు కూడా రాసి ఉంది. అతను చెప్పింది నిజం. మరి పద్నాలుగు వేల నలభై యూనిట్లు ఎక్కడికి పోయాయో అప్పుడు కూడా నాకు తెలియలేదు. మీటరు చెడిపోయిందనుకున్నాను. పరీక్షకు పంపించారు. పది రోజులకు బాగానే ఉందని వచ్చింది.

నాకొక అలవాటు ఉంది. ఇంట్లో కరెంటు ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది, ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు ఎప్పుడు జరిగింది అన్నీ క్యాలెండరు మీద రాస్తాను. వంట హీటరు మీద కాబట్టి కరెంటు పోయిన టైము నాకు కావాలి. జులై ఇరవై అయిదున పంపుహౌసు లాగ్‌బుక్కు ముందు పెట్టుకుని కూర్చున్నాను. పంపు తనంతట తాను ఆగిన టైములు అందులో ఉన్నాయి. ఆగినంతసేపు షిఫ్టు దాటాక నడిపి ఎనిమిది గంటలు నింపేవాడు. ఏప్రిల్ నాలుగు, పదీ నలభైకి ఆగింది, పదకొండూ ఇరవై అయిదుకు మొదలైంది. ఆ అంకెలు ఎక్కడో చూసినట్టు అనిపించింది. ఇంటికి వచ్చి క్యాలెండరు తిప్పాను. ఏప్రిల్ నాలుగు: "10.40 పోయింది. 11.25 వచ్చింది. పప్పు ఉడకలేదు." ఏప్రిల్‌లో మొదటి షిఫ్టు గంటల్లో కరెంటు ఏడుసార్లు పోయింది. ఏడుసార్లూ నిమిషాలతో సహా కలిశాయి. అదే రోజుల్లో ఇంకో పంపుహౌసు ఆగనేలేదు. మా ఇంటికీ ఈ పంపుకూ ఏదో ముడి ఉన్నట్టుంది.

ఇరవై ఏడు శనివారం, పాత లైన్‌మన్ ఒకతన్ని వెంట తీసుకుని పంపుహౌసుకు పోయాను. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు అతను కొత్తగా చేరాడు. పంపు ఆపించాను. మీటరులో అంకె తిరుగుతూనే ఉంది.

"ఇది ఎట్ల తిరుగుతున్నది?" అన్నాను.

"ఎందుకు తిరగది? క్వార్టర్లు ఉన్నయి గదా దీని మీద."

"ఏ క్వార్టర్లు?"

"నీ బిడ్డ క్వార్టరు లైనే. బాయి మూసినప్పుడు ఆడి ట్రాన్స్‌ఫార్మరు తీసేసిండ్రు. అప్పుడు ఇటు కలిపినం, తాత్కాలికంగ అని. గట్లనే ఉండిపోయింది."

"నాకెందుకు చెప్పలే?"

"అందరికి ఎరుకే అవ్వా. నువ్వు మీటరును అడిగినవు. నన్ను అడిగినవా?"

అంటూ గోడకున్న రెండో స్విచ్చు కిందికి లాగాడు. మీటరు ఆగింది. నిమిషం కాకముందే నా ఫోను మోగింది. మా బిడ్డ.

"అమ్మా, ఇగ రాసుకో. పదకొండూ పదికి కరెంటు పోయింది. అన్నం సగం ఉడికింది."

లైన్‌మన్ నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు.

ఆ లైను మీద తొమ్మిది వరుసలు, వరుసకు ఆరు క్వార్టర్లు. యాభై నాలుగు. పద్నాలుగు వేల నలభైని యాభై నాలుగుతో భాగిస్తే రెండు వందల అరవై వస్తుంది. హీటరు మీద వంట, స్నానానికి నీళ్లు, ఎండాకాలం కూలరు. నెలకు రెండు వందల అరవై యూనిట్లు. మా ఇంటివి కూడా అంతే ఉంటాయి.

బయటివాళ్లకు ఇది నమ్మశక్యంగా ఉండదు. మా క్వార్టర్లలో మీటర్లు ఉండవు. కరెంటు కంపెనీది. ఎవరి ఇంట్లోనూ ఎంత కాలిందని అడిగేవాళ్లు లేరు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి హీటరు మీద వండుతున్నాను. ఇరవై తొమ్మిదేళ్లు వేరే చోట్ల యూనిట్లు ఒక్కోటి లెక్కపెట్టాను. నా అన్నం కింద ఎర్రగా కాలే తీగ కూడా యూనిట్లు తింటుందని ఎన్నడూ అనుకోలేదు. దాన్ని కరెంటు వాడకం అని మేమెవరం అనుకోం, అది ఇల్లు. అందుకే లైను సంగతి అందరికీ తెలిసీ నా పట్టికలోకి రాలేదు. పంపు ఒకసారి ఆపి మీటరు చూసి ఉంటే జూన్ పదకొండునే తేలేది. ఆ పని అయిదు నిమిషాలది.

సోమవారం ఆఫీసరమ్మకు అంతా చెప్పాను. ఆమె కంప్యూటరులో వెంటనే మార్చింది. పంపుహౌసు వరుసలోంచి పద్నాలుగు వేల నలభై తీసి, కాలనీ అనే వరుసలో కలిపింది. ఎరుపు పోయింది.

"మొత్తంలో తేడా ఏమీ లేదు మేడం. మీరు కంగారు పడకండి."

"మొత్తం సంగతి కాదమ్మా. ఆ మనిషి ఇరవై రోజుల సంది ఇంట్ల ఉన్నడు."

ఆమె నా రిమార్కు మళ్లీ తెరిచింది. "రిమార్కు మీ పేరుతో వెళ్లింది. మీరే ఉత్తరం రాస్తే బాగుంటుంది," అన్నది. జులై ముప్పైన రాశాను. నేను పంపు ఆపి చూడలేదని, నా రిమార్కు తప్పని, ఆపరేటరు రాసిన ఎనిమిది గంటలే నిజమని రాశాను. కొత్తగూడెం నుంచి జవాబు రావడానికి రెండు వారాలు పట్టింది. అది గని ఆఫీసులో ఆగింది. నేను నాలుగుసార్లు పోయాను. అక్కడి గుమాస్తా కాగితం చదివి, "ఇందులో యూనిట్లు కాలనీవి అని ఉంది గాని మనిషిని తీసుకొమ్మని లేదు కదమ్మా," అన్నాడు. ఆ మాట కూడా రాసి ఇంకో ఉత్తరం పెట్టాను.

ఈ మధ్యలో మా వరుసల చివరి స్తంభానికి ఒక మీటరు బిగించారు. నల్లా దగ్గర ఒకామె మా బిడ్డతో, "మీ అమ్మ పుణ్యమాని మన అన్నాలు గూడ లెక్కల పడ్డయి," అన్నదట. బిడ్డ ఇంటికి వచ్చి ఆ మాట చెప్పి, గ్యాసు సిలిండరు తెప్పించింది.

ఆగస్టు పందొమ్మిది సోమవారం ఆపరేటరు మళ్లీ డ్యూటీ ఎక్కాడు. పదింటికి నేను పంపుహౌసుకు పోయాను. పంపు నడుస్తున్నది. ఈసారి లోపలే కూర్చుని ఉన్నాడు.

"సంతకం పెట్టనిచ్చిండ్రు అవ్వా," అన్నాడు.

"నాది తప్పు అని ఉత్తరం రాసిన."

"విన్న. మా ఆమె చెప్పింది." లాగ్‌బుక్కు మూశాడు. "మస్టర్ల లెక్క మాత్రం చెయ్యకు. నేను చెయ్యలే."

అతను వద్దన్నా ఇంటికి వచ్చి చేశాను. జులై తొమ్మిది నుంచి ఆగస్టు పద్దెనిమిది దాకా నలభై ఒక్క రోజులు. ఆదివారాలు ఆరు, పంద్రాగస్టు ఒకటి తీసేస్తే ముప్పై నాలుగు మస్టర్లు పోయాయి. ఏప్రిల్‌కు ముందు టైఫాయిడ్ వచ్చి నెలకు పైగా పోయాయట, జులై ఎనిమిది దాకా అతనివి నూట ఇరవై ఒకటి. ఆగస్టు పందొమ్మిది నుంచి డిసెంబరు ఆఖరు దాకా ఆదివారాలు, సెలవులు పోగా మిగిలేవి నూట పదమూడు. కలిపితే రెండు వందల ముప్పై నాలుగు. ఒక్క రోజు నాగా పెట్టకపోయినా ఆరు తక్కువ. మూడుసార్లు కూడి చూశాను.

కాంట్రాక్టరు సూపర్‌వైజరు దగ్గరికి పోయాను. పోయిన ముప్పై నాలుగు మస్టర్లు వేయమని అడిగాను. పని చేయని రోజుకు మస్టరు ఎట్లా పడుతుందని అడిగాడు. అది నేను ఒప్పుకోవలసిన మాట. ఇరవై తొమ్మిదేళ్లలో నేనూ ఎవరికీ అట్లా వేయలేదు.

"అయితే ఆరు ఆదివారాలు అతనికి డ్యూటీ ఇయ్యి," అన్నాను.

"ఆదివారం చేసే మనిషి లేడా పెద్దమ్మా? వారమంత వేరే పంపుల మీద తిరుగుతడు, ఆయనవి గూడ అంతంతే ఉన్నయి. ఈయనకు ఆరు ఇస్తే ఆయనవి ఆరు పోతయి. ఎవరివి కొయ్యాల్నో నువ్వే చెప్పు, రాసుకుంట."

కాగితం, కలం నా ముందు పెట్టాడు. వెటకారంగానే పెట్టాడు గాని, నేను కలం చేతిలోకి తీసుకున్నాను. యూనిట్లను ఈ వరుసలోంచి తీసి ఆ వరుసలో వేసినప్పుడు ఆఫీసరమ్మకు అడ్డం వచ్చినవాళ్లు లేరు. ఇక్కడ రెండు వరుసల్లోనూ మనుషులు ఉన్నారు. ఆదివారం మనిషిని నేను చూడలేదు. చూడకుండానే అతని సంగతి కూడా రాయడం నా చేత కాలేదు. కలం తిరిగి ఇచ్చేశాను.

అయినా సూపర్‌వైజరు అక్టోబరులో రెండు ఆదివారాలు ఆపరేటరుకు ఇచ్చాడు. ఆదివారం మనిషి ఊరికి పోయి రాలేదట. నవంబరులో ఆపరేటరుకు జ్వరం వచ్చి ఒక నాగా పడింది. అతను పోతానన్నా భార్య పోనివ్వలేదు.

ఇది రాస్తున్నది నవంబరు ఇరవై అయిదు, సోమవారం. డిసెంబరు ఆఖరు దాకా రోజూ డ్యూటీకి పోయినా అతనికి ఇంకా అయిదు మస్టర్లు తక్కువ పడతాయి. డిసెంబరులో ఆదివారాలు అయిదున్నాయి. నిన్న సూపర్‌వైజరుకు ఫోను చేశాను, ఎత్తలేదు.